డ్రాయింగు మాస్టారి గురించి

మన డ్రాయింగు మాస్టారు మంచివారా, మరీ కఠినమా అని నిన్నటి నుంచి గ్రూపులో రెండు పార్టీలైపోయాం కదా, నా మాట కూడా వినండర్రా. మన విజయనగరం గంటస్తంభం బొమ్మలో నీడ తప్పుగా పడిందని నా షీటు అందరి ముందూ నిలువునా చింపేశారు. ఆ పర్రుమన్న చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. అది మాత్రం మర్చిపోను.

కానీ మద్రాసులో శిల్పి దేవీప్రసాద్ రాయ్‌చౌదురి దగ్గర నేర్చుకున్న మన ఊరి చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారి బొమ్మల గురించి మొదట చెప్పింది మాస్టారే. సిరిమాను నాడు, అంటే పైడితల్లమ్మ జాతరలో పూజారిని కొసన కూర్చోబెట్టి పొడవాటి మానును ఊరేగించే రోజు, జనాన్ని కాదు, మాను వంపు చూడమని చేతికి పెన్సిలిచ్చి కోట దగ్గర నిలబెట్టిందీ ఆయనే. (ఆ తోపులాటలో నా చెప్పులు పోయాయి, ఇంట్లో తిట్లు వేరే.)

ఎవరి దగ్గరైనా అప్పటి షీట్లుంటే ఫోటో తీసి పెట్టండి. చిరిగినవైనా సరే.