మా అమ్మకు 58 ఎప్పుడు నిండుతాయి? కేంద్ర కార్మిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పీఎఫ్ ఉన్న కార్మికులకిచ్చే పెన్షన్ పథకం ఈపీఎస్-95 గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 58 నిండితే పూర్తి పెన్షన్. 50 దాటాక ముందే తీసుకుంటే తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. 58 దాటాక 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం ఎక్కువ. అంతా పుట్టినరోజు మీదే నడుస్తుంది. ఆ పుట్టినరోజే తప్పుగా పడినవాళ్ల గతేమిటని ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ అడుగుతున్నాను.

మా అమ్మ ఉత్తర తెలంగాణలో బీడీ కార్మికురాలు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టినప్పుడు ఆమె ఇంకా చిన్నపిల్ల. బడి మొహం చూడలేదు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు పుట్టిందని అమ్మమ్మ చెప్పేది. పీఎఫ్‌లో పేరు ఎక్కించిన రోజు కార్ఖానా గుమస్తా ఆమెను ఎగాదిగా చూసి, తోచిన సంవత్సరం వేసి, జనవరి 1 అని రాసేశాడు. ఆమెతో పాటు చేరిన మా వాడ ఆడవాళ్లలో చాలామందికి పీఎఫ్‌లో జనవరి 1నే పుట్టినరోజు. ఆధార్ ప్రకారం అమ్మకు 58 ఎప్పుడో నిండాయి. పీఎఫ్ లెక్కలో ఇంకా నిండలేదు.

పీఎఫ్ ఆఫీసు కౌంటర్‌లో ఏం చెప్పారంటే, ఇప్పుడే కావాలంటే పెన్షన్ దరఖాస్తు 10-డి ఫారం ఇవ్వండి, ముందస్తు పెన్షన్ కింద కోసి ఇస్తాం, లేదంటే రికార్డులో 58 వచ్చేదాకా ఆగండి అని. ఆ కోత ఒక్క ఏడాదితో పోయేది కాదు సార్, బతికున్నంత కాలం ఉంటుంది. 4 శాతం అంటే వెయ్యికి 40 రూపాయలు. మీ ఫైలులో అది చిన్న అంకె కావచ్చు, అమ్మ బీపీ మాత్రలకు మాత్రం చిన్నది కాదు. పోనీ ఆగితే? ఇష్టపడి 60 దాకా ఆగినవాళ్లకు పెన్షన్ పెరుగుతుంది. గుమస్తా రాసిన తేదీ వల్ల ఆగినవాళ్లకు పైసా కలవదు, ఎందుకంటే రికార్డు ప్రకారం వాళ్లకింకా వయసే రాలేదు. వేళ్లు వంకర్లు పోయి, రాత్రంతా దగ్గుతూ కూర్చునే మనిషికి వయసు రాలేదంటే ఎలా నమ్మమంటారు?

తేదీ సరిచేయించుకోండి అంటారు. 2020 ఏప్రిల్‌లో పీఎఫ్ సంస్థ వాళ్లు, తేడా 3 ఏళ్ల లోపైతే ఆధార్ చాలన్నారు. 2024 జనవరిలో ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని జాబితాలోంచి తీసేశారు. బడికి పోని మనిషి టీసీ ఎక్కడ తెస్తుంది? జనన ధ్రువీకరణ అడిగితే, ఆ రోజుల్లో మా ఊళ్లో కాన్పులన్నీ ఇళ్లలోనే, మంత్రసాని చేతుల్లోనే. కార్మికురాలు, కంపెనీ కలిసి ఇచ్చే సవరణ పత్రం, అదే జాయింట్ డిక్లరేషన్ మీద కంపెనీ సంతకం కావాలన్నారు, కార్ఖానా ఎత్తేసి చాలా కాలమైంది. ఇక మిగిలింది సివిల్ సర్జన్ సర్టిఫికెట్, దానికి తోడు కోర్టులో ప్రమాణం చేసిన అఫిడవిట్. డాక్టరు గారు పరీక్షించి చెప్పేది కూడా సుమారు వయసే కదా! ఆ సుమారు పనికొచ్చి ఆధార్ ఎందుకు పనికిరాదో ఎవరూ చెప్పరు.

క్లెయిము 20 రోజుల్లో తేల్చాలని, కారణం లేకుండా ఆలస్యమైతే 12 శాతం వడ్డీ అని నిబంధన ఉంది. కానీ అది అన్నీ సక్రమంగా ఉన్న క్లెయిముకే. పుట్టినతేదీ కొర్రీ పడితే ఆ 20 రోజుల లెక్క అసలు మొదలే కాదు. ఇంత టెన్షన్ పడి సాధించుకుంటే చేతికొచ్చేదెంత? 2014 సెప్టెంబరులో పెట్టిన కనీస పెన్షన్ వెయ్యి రూపాయలు ఇప్పటికీ కదల్లేదు. కనీసం 3,000 చేయమని రాజ్యసభ పిటిషన్ల కమిటీ (కోశ్యారీ కమిటీ) 2013లోనే చెప్పింది. దాని మీద ఇంకో లేఖ రాయాలి.

అయ్యా, దయచేసి బడి చదువు లేని కార్మికులకైనా ఆధార్‌ను, పాత ఓటరు కార్డును ఒప్పుకోండి. తేదీ తేలేదాకా కోత వేయకండి. తేలాక అసలు 58 నిండిన రోజు నుంచి బకాయి ఇవ్వండి. పీఎఫ్ ఫిర్యాదులు వినడానికి మీరు నెలనెలా పెడుతున్న ‘నిధి ఆప్కే నికట్’ శిబిరాల్లోనే ఈ సవరణలు చేసి, అక్కడికక్కడే రసీదు ఇప్పించండి. వినతిపత్రం ఇవ్వండి, పైకి పంపుతాం అని మాత్రం మళ్లీ చెప్పించకండి. అవన్నీ ఇప్పటికే ఇచ్చాం. మాకు కావాల్సింది లిఖితపూర్వకమైన ఉత్తర్వు.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి కూతురు