నాన్నగారికి, మీ వాదం గురించి

పూజ్యులైన నాన్నగారికి మీ అమ్మాయి నమస్కరించి రాయునది.

నేను ఇక్కడ క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. మీ ఉత్తరం అంది పది రోజులైంది. జీవితంలో జ్ఞానం గొప్పదా, వివేకం గొప్పదా అని మీకూ అన్నయ్యకూ నడిచిన వాదాన్ని ఇద్దరి మాటల్లోనూ పూర్తిగా రాసి, తీర్పు మాత్రం నన్ను చెప్పమన్నారు. వివేకమే గొప్పదని ఒక్క ముక్క రాసి పంపేద్దామని ఆ రాత్రే కలం పట్టుకున్నాను, ఎందుకంటే మిమ్మల్ని గెలిపించడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. తీరా రాయబోతే నా వృత్తిలో చదివినవీ చూసినవీ కొన్ని అడ్డుపడ్డాయి. అందుకే ఈ ఆలస్యం.

ముందు అన్నయ్య పక్షాన ఒక మాట. పూర్వం నెలల తరబడి సముద్రం మీద గడిపే నావికులకు చిగుళ్లు వాచి నెత్తురు కారేది, ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ విచ్చుకునేవి, చివరకు ప్రాణాలే పోయేవి. ఆ జబ్బు పేరు స్కర్వీ. ఆ ఓడలు నడిపినవారు అవివేకులేమీ కారు, గాలి తీరును బట్టి తుఫానును పసిగట్టగల అనుభవజ్ఞులు. ఆ అనుభవమంతా ఈ జబ్బు ముందు ఎందుకూ పనికిరాలేదు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరు చొప్పున విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో రకం చికిత్స చేసి చూశాడు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరూ అందరికంటే త్వరగా తేరుకున్నారు. జవాబు కళ్ల ముందే ఉంది. అయినా ఆయనే తర్వాత, రసం ఎక్కువకాలం నిలవ ఉండేందుకు దాన్ని వేడిమీద చిక్కబరిచి ఓడల్లో పెట్టుకోమని సలహా ఇచ్చాడు. దూరప్రయాణం చేసేవారికి అంతకన్నా వివేకమైన సలహా ఏముంటుంది? కాని జబ్బును కుదిర్చే పదార్థం వేడికి నశిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించేసరికి 1795 వచ్చింది, ఆ పదార్థానికి విటమిన్ సి అని పేరు పెట్టేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది. కాబట్టి మంచి మనసూ నిదానమైన బుద్ధీ ఉంటే మిగతావన్నీ వాటంతటవే సమకూరుతాయన్న మీ మాటను నేను ఒప్పుకోలేను. తెలియవలసినది తెలియనప్పుడు వివేకి కూడా నమ్మకంగా తప్పుదారినే పోతాడు.

ఇక మీ పక్షం. 1983 సెప్టెంబరు 26న అర్ధరాత్రి దాటాక, సోవియట్ హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారికి, అమెరికా నుంచి ఒక క్షిపణి బయలుదేరిందని కంప్యూటర్ చూపించింది. కాసేపటికి మరో నాలుగు అంది. ఆయన దాన్ని తప్పుడు హెచ్చరికగా భావించి పైవారికి అదే చెప్పాడు. అణుయుద్ధం మొదలుపెట్టదలచినవారు ఐదంటే ఐదు క్షిపణులతో మొదలుపెట్టరని ఆయన లెక్క. పైగా ఆ ఉపగ్రహ వ్యవస్థ కొత్తది, నేలమీది రాడార్లకు ఏమీ కనబడలేదు. ఎత్తైన మేఘాల మీద మెరిసిన ఎండను ఉపగ్రహాలు క్షిపణుల మంటగా పొరబడ్డాయని ఆ తర్వాత తేలింది.

అవన్నీ ఆయనకు తెలిసిన సంగతులే కదా, అదీ జ్ఞానమే కదా అని అన్నయ్య వెంటనే అందుకుంటాడు. నిజమే. అయితే తెరమీద వెలుగుతున్న హెచ్చరిక కూడా తెలిసిన సంగతే. తెలిసిన సంగతులు రెండు ఒకదానికొకటి ఎదురు నిలిచినప్పుడు దేన్ని నమ్మాలో చెప్పడానికి మూడో సంగతి ఏదీ రాదు, ఎవరో ఒక మనిషి తేల్చుకోవాలి. వివేకమనే మాటకు అసలు అర్థమే విడదీసి చూడటమని నాకు చెప్పింది మీరే.

నా వరకు ఈ ప్రశ్న చాలా చిన్న గదిలో ఎదురైంది. ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన తొలి ఏడు, డెబ్బై దాటిన ఒక పెద్దావిడకు పరీక్ష ఫలితం చెప్పే పని నాకు అప్పగించారు. ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా చదువుకున్నాను. గడ్డ ఎంత ఉంది, జబ్బు ఏ దశలో ఉంది, ఏ మందు ఎందరికి పనిచేస్తుంది, అన్నీ వరసగా, ఒక్క అంకె తప్పకుండా చెప్పాను. ఆవిడ తలుపువైపు చూస్తున్నారు. ఒళ్లో ఉన్న చేతిసంచి పట్టీని చూపుడువేలికి చుట్టుకుంటున్నారు, విప్పుతున్నారు, మళ్లీ చుట్టుకుంటున్నారు. అది నేను చూశాను, చూసి కూడా ఆగలేదు. నేను ముగించాక, గదిలో ఉన్న సీనియర్ నర్సు కుర్చీని ఆవిడ పక్కకు జరుపుకుని కూర్చుని, "ఎవరికోసమైనా చూస్తున్నారా?" అని అడిగారు. కూతురు దారిలో ఉందట. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుందట. ఆ ఇరవై నిమిషాలూ నర్సు అక్కడే కూర్చున్నారు. కూతురు వచ్చాక నేను మొదటినుంచి మళ్లీ చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే నా మొదటి వాక్యం తర్వాత ఆ పెద్దావిడ చెవికి ఒక్క మాటా ఎక్కలేదు. ఈసారి పావు వంతు మాటలు సరిపోయాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందని నానమ్మ ఎందుకనేదో ఆ రోజు నాకు బాగా తెలిసింది.

ఇంగితజ్ఞానమని మనం తేలిగ్గా అనేస్తాం గాని, ఇంగితమంటే సైగ, మనసులోని మాట మొహంలోనో చేతిలోనో బయటపడటం. ఆ పట్టీ మా ఇద్దరికీ కనబడింది, చదవగలిగింది మాత్రం నర్సే. రోగం గురించి నేను చదివినంత ఆమె చదివి ఉండరు. నేను ఒక మోతాదు మరిచిపోతే రెండు నిమిషాల్లో పుస్తకం తీసి చూసుకుంటాను. ఆ తలుపువైపు చూపును ఏ పుస్తకం తీసి చూసుకోను? అందుకని నాన్నగారూ, ఏది లేకపోతే పని సాగదని అడిగితే మీరిద్దరూ సమానమే. ఏది అరువు దొరకదని అడిగితే గెలుపు మీదే. ఇదే నా తీర్పు, అన్నయ్యకు పూర్తిగా చదివి వినిపించండి, లిండ్ సంగతి దాటవేయకండి.

మరో మాట. ఇది మీకెలా అబ్బిందని ఆ నర్సును తర్వాత అడిగాను. తాను కొత్తగా చేరిన రోజుల్లో ఒకరికి ఇలాంటి కబురే నిలబడి చెప్పేసి, వెనుదిరిగి వెళ్లిపోయానని, ఆయన మొహం ఇప్పటికీ మరవలేదని చెప్పారు. మీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. వివేకం గురించి నాలుగు పేజీలు రాశారు, అందులో మీరు చేసిన పొరపాటు ఒక్కటీ లేదు. ఈసారి రాసేటప్పుడు ఒకటి రాయండి. అన్నయ్యకు చూపించనని మాట ఇస్తున్నాను.

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అమ్మాయి