తాగుబోతుకు లాటిన్ చుట్టం

సంపాదకుల వారికి నమస్కారం.

తాగుడును ఇష్టపడేవాడిని చెప్పే ‘బిబులుస్’ అనే లాటిన్ మాట సంస్కృతం నుంచే వెళ్లిందని మీ ఆదివారం సంచికలో రాశారు. డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పే నాకు రోజూ లాటిన్ పేర్లతోనే పని. అందుకే చదివి ఊరుకోలేకపోయాను.

లాటిన్‌లో ‘బిబెరె’ అంటే తాగడం. ఆ ధాతువుకు ‘ఉలుస్’ చేరితే బిబులుస్. మనం తాగుకు ‘బోతు’ చేర్చినట్టే. మన వదరుబోతును వాళ్లు ‘గర్రులుస్’ అంటారు, అందులోనూ ఉన్నది ఆ ప్రత్యయమే. క్రీ.పూ. 59లో సీజర్‌తో పాటు రోమ్‌లో కాన్సుల్‌గా, అంటే అత్యున్నత పాలనాధికారిగా చేసినాయన ఇంటిపేరు కూడా బిబులుస్! అయితే ఈ మాట మనుషులకే పరిమితం కాదు. నీళ్లు పీల్చేసే ఇసుకను లాటిన్ కవి వర్జిల్ ఇదే మాటతో వర్ణించాడు. కాకపోతే లాటిన్‌లో ఇసుక స్త్రీలింగం, కాబట్టి అక్కడ ‘బిబులా’ అయింది. నపుంసకమైతే ‘బిబులుమ్’. తెలుగులో ఆడైనా మగైనా తాగుబోతే, మాట మారదు.

క్లాసులో పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. వరి ఒరైజా సటైవా, కుంకుమపువ్వు క్రోకస్ సటైవస్, కొత్తిమీర కొరియాండ్రమ్ సటైవమ్. సాగుచేసేది అనే ఒకే విశేషణం ముందున్న పేరు లింగాన్ని బట్టి మారుతోందని చెప్పేవాళ్లు లేక, పాపం, మూడూ విడివిడిగా బట్టీ పడతారు. పరీక్షలో చివరి అక్షరం దగ్గర టెన్షన్.

ఇక సంస్కృతం సంగతి. తాగుతాడు అనే అర్థమున్న సంస్కృతం ‘పిబతి’కీ లాటిన్ ‘బిబిట్’కీ పోలిక ఉన్న మాట నిజం. కానీ అవి తల్లీకూతుళ్లు కావు, అక్కాచెల్లెళ్లు. రెండూ అంతకన్నా పాత భాష నుంచి వచ్చాయి. లాటిన్‌లో మొదటి ‘ప’ తర్వాతి ‘బ’ ప్రభావంతో ‘బ’ అయింది, సంస్కృతంలో అలాగే నిలిచింది. మనం వాడే పానం, పాత్ర, పిపాస, ఇంగ్లీషు పాయిజన్ అన్నీ ఆ ధాతువు సంతానమే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదనీ ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు. మన ‘తాగు’ మాత్రం ఈ కుటుంబానిది కాదు, ద్రావిడం.

సంస్కృతం గొప్పదనానికి లాటిన్‌ను దానికి కూతుర్ని చేయనక్కర్లేదు. మీ పత్రికలో వచ్చిందంటే పిల్లలు నిజమని నమ్ముతారు. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయమని కోరుతున్నాను.

– ఒక బోటనీ అధ్యాపకుడు, తార్నాక, హైదరాబాద్