మైకు ఎవరి చేతికిస్తున్నారో మాకూ చెప్పండి

గౌరవనీయులైన ప్రధాన ఎన్నికల కమిషనర్ గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీకు కాదు లెండి, ఇక్కడి ఒక కార్యాలయానికి రాశాను. ఏ కార్యాలయమో చెప్పి వాళ్లని ఇబ్బంది పెట్టను. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు సంతకాలతో కార్డులు మూడూ తిరిగొచ్చాయి. సంతకం ముచ్చటగా ఉంది. జవాబే లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఎన్నికలప్పుడు దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో పార్టీలతో పెట్టే చర్చల సంగతి. వాటిలో పార్టీలకి సమయం పంచే 1998 నాటి స్కీము మీకు నేను చెప్పక్కర్లేదు. పార్టీల ప్రసంగాలకైతే పాత ఓట్లను బట్టి నిమిషాలు లెక్కకట్టి ఇస్తారు, బాగానే ఉంది. మరి చర్చ నడిపే కోఆర్డినేటరో? ఆ రెంటినీ నడిపే ప్రసారభారతిని సంప్రదించి కమిషన్ ఒక పేరు ఆమోదిస్తుంది, అంతే, ఒక్క వాక్యం. ఎవర్ని, ఏం చూసి, ఎవరి అభ్యంతరాలు విని? దానికి ఇంకో వాక్యం లేదు.

నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని, రిటైరయ్యాను. ఆరుసార్లు పోలింగ్ డ్యూటీ చేశాను. మా పేర్లు కంప్యూటర్‌లో కలగలిపి డ్యూటీలు వేస్తారు, ఏ బూతో సామగ్రి తీసుకునే రోజు దాకా తెలియనివ్వరు. సొంత జిల్లాలో ఉన్న అధికారిని, ఒకేచోట మూడేళ్లు దాటిన అధికారిని బదిలీ చేస్తారు. ఓటరు వేలికి సిరా పూసే నామీదే అంత అనుమానం ఉన్నప్పుడు (ఉండాలి కూడా, నేనేమీ నొచ్చుకోలేదు), ఆ ఓటరు బూతుకి రాకముందే ఎవర్ని ఏ ప్రశ్న అడగాలో తేల్చే మనిషి మీద మాత్రం అంత నమ్మకం ఎలా కుదిరిందండీ? మా స్కూల్లో వక్తృత్వ పోటీ పెడితే, తన క్లాసు పిల్ల పోటీలో ఉన్న టీచరు జడ్జీగా కూర్చునేది కాదు. ఆ రూలు ఎవరూ రాయలేదు, కూర్చుంటే పిల్లలే నవ్వేవాళ్లు.

2024 ఎన్నికలప్పుడు మా ఊళ్లో ఒక కేబుల్ చానల్ వాళ్లు అభ్యర్థులతో ముఖాముఖి పెట్టారు. అది మీ స్కీము కిందకి రాదని తెలుసు, అయినా చెప్తాను, ఎందుకంటే ఆ మూడు ఉత్తరాలూ దాని గురించే. పెద్ద పార్టీల వాళ్లిద్దరికీ సమానంగానే టైం ఇచ్చారు, గోడ గడియారం చూసి రాసుకున్నాను, చెరి పదిహేను నిమిషాలు. తప్పు పట్టడానికి లేదు. కానీ యాంకరు ఒకాయన్ని "అన్నా, గెలిస్తే మొదట ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగాడు, రెండో ఆయన్ని "మీమీద కేసుల సంగతేంటి?" అని అడిగాడు. కేసులు అడగొద్దని నేననను, కానీ కేసులు ఇద్దరి మీదా ఉన్నాయి! స్వతంత్ర అభ్యర్థిగా నిలబడిన ఒకావిడ అరగంట పైన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చుంది. చివర్లో ఆవిడ వైపు తిరిగి "టైం అయిపోయిందమ్మా, ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు. ఆవిడ మా వీధి డ్రైనేజీ గురించి మొదలుపెట్టింది, ప్రకటన వచ్చేసింది. కాబట్టి సార్, నిమిషాలు కొలిస్తే సరిపోదు.

ప్రైవేటు చానళ్ల సంగతి వేరే చెప్పాలా? ఏ చానల్ ఎవరిదో మా ఊరి టీ కొట్టు కుర్రాడికి కూడా తెలుసు. నియమం లేనప్పుడు పార్టీలే లిస్టులు రాసుకుంటాయి. 2023లో ఇండియా కూటమి 14 మంది యాంకర్ల షోలకి వెళ్లబోమని ప్రకటించింది గదా. అది నాకు నచ్చలేదు, కానీ ఆ అవసరం ఎందుకొచ్చిందో ఆలోచించాల్సింది మీలాంటి వాళ్లే.

అదే మాట్లాడేవాళ్ల విషయంలో ఎంత జాగ్రత్తో చూడండి. 2024లో సీతారాం ఏచూరి గారి ప్రసంగంలో కొన్ని మాటలు దూరదర్శన్ తీసేయించింది, దివాలా అనే మాట బదులు వైఫల్యం అనమంది. సమాధానం చెప్పేవాడి నాలుకకి అంత కత్తెర ఉందే, ప్రశ్న అడిగేవాడి పుట్టుపూర్వోత్తరాలకి ఒక కాగితం ముక్కైనా లేదా?

అమెరికాలో 2020 డిబేట్లకి మోడరేటర్ల పేర్లు సెప్టెంబరు మొదట్లోనే చెప్పేశారు. పేరు బయటికొచ్చాక అందరి కళ్లూ వాళ్లమీదే. వాళ్లలో స్టీవ్ స్కల్లీ అనే ఆయన, ఒకప్పుడు ట్రంప్ దగ్గర పనిచేసి తర్వాత ఆయన్నే తిట్టే ఒకాయనకి ట్విట్టర్లో పెట్టిన మెసేజ్ పట్టుబడింది. ముందు అకౌంట్ హ్యాక్ అయిందన్నాడు, తర్వాత అబద్ధమని ఒప్పుకున్నాడు. వాళ్ల పద్ధతి గొప్పదని కాదు, అక్కడా గొడవలే. పేరు ముందే తెలిసింది కాబట్టి మనిషీ తెలిశాడు, అంతవరకే నేను చెప్పేది.

నేనడిగేది పెద్దదేం కాదు. కోఆర్డినేటర్ పేరు చర్చకి రెండు వారాల ముందు బయటపెట్టండి. ఏ పార్టీలోనైనా పదవి చేశారా, పార్టీ వాళ్ల సంస్థలో జీతం తీసుకున్నారా, ఇంట్లో ఎవరైనా పోటీలో ఉన్నారా, రాయించుకుని అదీ బయటపెట్టండి. అభ్యంతరాలుంటే అన్ని పార్టీల నుంచీ, స్వతంత్రుల నుంచి కూడా, రాతపూర్వకంగా తీసుకోండి. పేరు చెప్పండి సార్, ముందు పేరు చెప్పండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

దీన్ని పోస్టులో కూడా మీకు పంపుతున్నాను. అందినట్టు సంతకంతో పాటు ఈసారి రెండు ముక్కలు కూడా రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
నరసరావుపేట