పాత లెక్కల గొలుసుకట్టు రాత చదవగలిగేవారు ఉండగానే: ఉన్నత విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి,

నమస్కారాలు. కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా చరిత్ర బోధిస్తున్నాను. ఇన్నేళ్లలో మా దగ్గర పట్టా పుచ్చుకున్నవారిలో చాలామంది ఒక్క రాతి శాసనాన్ని గాని, ఒక్క రెవిన్యూ రికార్డును గాని, చట్టసభలో జరిగిన ఒక్క చర్చను గాని మూలంలో చదవకుండానే చరిత్ర, రాజనీతి శాస్త్ర పట్టభద్రులయ్యారని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. వారు చదివినవి పాఠ్యపుస్తకం, దానికొక గైడు, పరీక్షల ముందు నేనే చెప్పి రాయించిన నోట్సు.

మూడేళ్ల క్రితం కొందరు విద్యార్థులను ద్రాక్షారామం తీసుకువెళ్లాను. భీమేశ్వరాలయంలోని శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల నాలుగవ సంపుటంలో 1923లోనే అచ్చయ్యాయి. అచ్చు ప్రతి చేతికిచ్చి, రాతి మీది అక్షరంతో సరిపోల్చుకుంటూ చదవమన్నాను. మొదటి గంటలో రెండు పంక్తులు కూడా సాగలేదు. తరువాత ఒక్కొక్క మాటా విడిపోయింది: దేవుడి అఖండ దీపానికి ఎవరో గొర్రెలను దానమిచ్చారు, వాటిని మందలు కాసే ఒక బోయకు అప్పగించారు, అతడూ అతని పుత్రపౌత్రులూ నిత్యం మానెడు నెయ్యి పోయాలి. ఇటువంటి దానశాసనాలు అక్కడ కోకొల్లలు. "పుణ్యం దానమిచ్చినవాళ్లకు వచ్చింది సరే మాస్టారూ, గొర్రెలు చచ్చిపోతే నెయ్యి ఎవరు పోస్తారు?" అని ఒకమ్మాయి అడిగింది. 'చాళుక్య చోళుల కాలం నాటి ఆర్థిక పరిస్థితులను వివరింపుము' అనే ప్రశ్నకు ఏటేటా జవాబు రాయించే నాకు ఆ సందేహం ఎన్నడూ కలగలేదు. రాజ్యానికీ, గుడికీ, మందలు కాసేవాడికీ మధ్య ఉన్న బంధాన్ని ఆ పిల్ల ఒక్క రాతి ముందు నిలబడి పట్టుకుంది.

గోదావరి మీది ఆనకట్ట సంగతీ అంతే. ఏటా మే 15న, దాన్ని కట్టించిన కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తాం. వేయవలసిందే, ఆ నీటితో పండిన అన్నమే మేమూ తింటున్నాం. కాని 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ముందు ఈ జిల్లా ఎలా ఉండేదో, 1832–33 నాటి కరువు తరువాత ఊళ్లు ఎందుకు కోలుకోలేదో తెలియాలంటే జిల్లా పరిస్థితిని విచారించిన అధికారి మాంట్‌గోమరీ 1844లో ఇచ్చిన నివేదికను, ఆ వెంటనే కాటన్ సమర్పించిన నివేదికను పక్కపక్కన పెట్టుకొని చదవాలి. శిస్తు వసూలు పద్ధతిలోని లోపాలను ఒకరు చూపితే, నీటిని మళ్లిస్తే ఖజానాకు ఎంత మిగులుతుందో మరొకరు లెక్క కట్టి చూపారు. భగీరథుడని సంకల్పంలో తలుచుకునే మనిషి పై అధికారులను ఒప్పించడానికి లాభనష్టాల భాషలో వాదించడం చూసి మా విద్యార్థులు మొదట నొచ్చుకున్నారు, తరువాత రెండు రోజులు వాదించుకున్నారు. రాజనీతి శాస్త్రం తరగతిలో అంతటి వాదన నేను ఎప్పుడూ వినలేదు.

ఇవి అచ్చయినవి కాబట్టి ఎలాగో దొరుకుతాయి. నా అసలు బెంగ అచ్చుకానివాటి గురించి. మా తాతగారు కరణం, ఊరి భూముల లెక్కలు రాసేవారు. 1986 వరదల్లో మా అటక మీది దండకవిలెలు, అంటే తాటాకుల మీది ఊరి లెక్కలు, కొన్ని తడిసిపోగా, మిగిలిన తాటాకులను మా నాయనమ్మ అరుగు మీద నీడపట్టున ఆరబెట్టడం నాకు గుర్తు. వాటి మీది రాత గొలుసుకట్టు. అక్షరానికీ అక్షరానికీ మధ్య గంటం లేవదు. పుట్లు, తూములు, కుంచాలలో కొలతలు, పరకలు, వీసాల భిన్నాలకు విడివిడిగా గుర్తులు. కాగితం లెక్కల్లోకి వస్తే సంవత్సరం ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటుంది, దానికి 590 కలిపితే గాని క్రీస్తు శకం రాదు. ఎం.ఏ. పట్టా చేతిలో ఉన్న నేను ఆ ఆకుల్లో ఒక్కటి కూడా సొంతంగా చదవలేకపోయాను. గ్రామ కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆనాటికి నలభై దాటినవారు ఇప్పుడు ఎనభై దాటారు. 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం మా ఊళ్లలో ఎవరి చేతికి ఎంత భూమి తెచ్చిందో, ఎవరి దగ్గర ఊడగొట్టిందో చెప్పవలసిన లెక్కలను చదివిపెట్టేవారు మరి కొద్ది ఏళ్లకు మిగలరు.

నిరుడు పన్నెండు మంది విద్యార్థులతో ఒక ప్రభుత్వ కార్యాలయ రికార్డు గదికి వెళ్లాను. కళాశాల లేఖ చూపించాం. "చరిత్రకు ఇవెందుకండీ, పుస్తకాలున్నాయిగా?" అని అక్కడి ఉద్యోగి నిజాయితీగానే ఆశ్చర్యపోయారు. పై నుంచి ఉత్తర్వు ఉంటే తప్ప బీరువా తెరవడానికి వీల్లేదన్నారు. ఆయన తప్పేమీ లేదు. విద్యార్థిని లోపలికి రానివ్వమని చెప్పే నియమం ఆయన చేతిలో లేదు, రానిస్తే వచ్చే తిప్పలు మాత్రం ఆయన మెడకే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏ కట్ట ఏ కార్యాలయానికి చేరిందో చెప్పగలిగేవారు కూడా అక్కడ కనిపించలేదు.

అందువల్ల నా విన్నపం ఇది. చరిత్ర, రాజనీతి శాస్త్రం ప్రధానాంశంగా చదివే ప్రతి విద్యార్థికీ చివరి సంవత్సరంలో ఒక పేపరు పూర్తిగా మూలాధారాల మీదే ఉండాలి. మూడు గంటల పరీక్షకు బదులు ఒక శాసనమో, ఒక రికార్డో, ఒక శాసనసభ చర్చో తీసుకొని చదివి, విప్పి, ప్రశ్నించి రాసిన వ్యాసానికే మార్కులు వేయాలి. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. మా పిల్లలను ఏ దుకాణంలోనో పేరుకు హాజరు వేయించే బదులు రికార్డు గదుల్లో జాబితాలు రాయడానికి పంపనివ్వండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి గోదావరి జిల్లా రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ప్రభుత్వం పాత రికార్డులు భద్రపరిచే పురాభిలేఖాగారానికి వెళ్లి వారం రోజులు ఉండగలిగే స్తోమత కౌలు రైతు బిడ్డకు ఉండదు కాబట్టి, వాటి నకళ్లు రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి తెప్పించేలా ఆ రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడండి. ఇది డబ్బుతో, సమయంతో కూడిన పని. వచ్చే ఏడాదికే అయిపోవాలని నేను అనను.

గొలుసుకట్టు విషయంలో మాత్రం ఆగడానికి లేదు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇద్దరు మాజీ కరణాలు నేర్పడానికి ఒప్పుకున్నారు, జీతం వద్దన్నారు. పెద్దాయనకు ఎనభై ఆరేళ్లు. కళ్లు మసకబారుతున్నందున పొద్దుటిపూట రెండు గంటలు మాత్రమే చెప్పగలనన్నారు. నేర్చుకోవడానికి ఆ పన్నెండు మందీ సిద్ధంగా ఉన్నారు. వేసవి సెలవులు మొదలయ్యేలోగా రికార్డు గది తెరవడానికి ఒక ఉత్తర్వు ఇప్పించండి.

భవదీయుడు,
కోనసీమకు చెందిన ఒక చరిత్ర అధ్యాపకుడు