నాన్న డైరీలో ఆటవెలదులు

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న 1971 యుద్ధంలో పనిచేశారు. ఇంట్లో ఆ ఊసే ఎత్తేవారు కాదు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఓ డైరీ దొరికింది, నిండా ఆటవెలదులే. ఒకచోట తోటి జవాను పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. ఆ పేజీ దాటడానికి నాకు చాలా రోజులు పట్టింది.

1917లో ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో, మొదటి ప్రపంచ యుద్ధంతో మనసు చెదిరిన ఇంగ్లిష్ సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్‌ను కవిత్వం రాయమని ప్రోత్సహించింది ఆయన డాక్టరే. రోగుల పత్రికకు ఓవెన్ సంపాదకుడయ్యారు కూడా.

ఎందరినో సైన్యానికి పంపిన మిలటరీ మాధవరం లాంటి ఊళ్లున్న మనకు ఇది చేతకాదా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పెన్షన్ కాగితాలతో పాటు నెలకోసారి మాజీ సైనికులను కూర్చోబెట్టి రాయించాలి, విని తీరాలి. మీ ఆదివారం సంచికలో వాళ్ల కవితలకు కాస్త చోటివ్వండి.

– ఒక మాజీ సైనికుడి కూతురు, తాడేపల్లిగూడెం