ఈ ఆదివారం మన బొమ్మ: ఈడిపస్, స్ఫింక్స్

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం 6 గంటలకు వీడియో కాల్‌లో కలుద్దాం. లింక్ శనివారం రాత్రి పెడతాను.

ఈసారి ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ మొరో 1864లో ప్రదర్శించిన తైలవర్ణ చిత్రం. ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గ్రీకు పురాణాల్లో స్ఫింక్స్ అంటే ఆడమనిషి తల, సింహం ఒళ్లు, రెక్కలు ఉన్న వింత జీవి. పొడుపుకథ విప్పలేనివాళ్లను చంపే ఆ స్ఫింక్స్, ఏకంగా ఆ కథల్లోని వీరుడు ఈడిపస్ గుండెల మీదికే ఎక్కింది. అతను మాత్రం బెదరకుండా దాని కళ్లలోకే చూస్తున్నాడు. ఆ చూపు నన్ను వదలడం లేదు.

మ్యూజియం వెబ్‌సైట్‌లో బొమ్మను పెద్దది చేసి, పది నిమిషాలు చూసి రండి. కింది అంచున కనిపించే చేయి, పాదం ఎవరివో ఆలోచించండి. ల్యాప్‌టాప్‌లో చూస్తే మేలు.

వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడే చెప్పండి, మర్చిపోవద్దు. పిల్లల్నీ కూర్చోబెట్టండి, ఆ పొడుపుకథ వాళ్లతోనే విప్పిద్దాం.